రెండో ముక్కలో పడినవాళ్లు

సవాయీ దీవిలో, మా ఊళ్లో ఏ పెళ్లి జరిగినా వీడియో తీసేది మా వదిన మటలేనాయే. ఆక్లండ్‌లో ఉన్న చుట్టాల కోసం దాన్ని ఇంటర్నెట్‌లో ఒక వీడియో సైటులో పెడుతుంది. పదిహేను నిమిషాలు దాటిందంటే ఆ సైటు ససేమిరా తీసుకోదు.

మా ఊరి పిల్ల సియెనీ పెళ్లి వీడియో ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. అందులో పద్నాలుగు నిమిషాలు వైఫాలే తాతే. మా దగ్గర పెళ్లికి చేత్తో నేసిన చాపే పెద్ద కానుక; ఏ ఇంటివాళ్లు ఏ చాప తెచ్చారో ఊరంతా వినేలా గొంతెత్తి చెప్పడం ఆయన పని. వదిన తెలివిగా వీడియోని రెండు ముక్కలు చేసి పెట్టింది. చాపల్లో సగం రెండో ముక్కలో పడ్డాయి.

తెల్లారేసరికి ఆ సగం ఇళ్లవాళ్లూ మా వాకిట్లో ఉన్నారు.

"మా చాప నేయడానికి ఏడాది పట్టింది. దాన్ని వెనక్కి నెట్టేస్తావా?" అంది ఒకావిడ.

"చూసేవాళ్లు రెండోది కూడా చూస్తారు కదా పిన్నీ!" అంది వదిన.

"నువ్వయితే చూస్తావా?"

వదిన మళ్లీ కంప్యూటర్ తెరిచింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఊరికే తీసిపెట్టినందుకు ఇదా మర్యాద? వదిన మాత్రం కూర్చుని చర్చి, కేకు, నాట్యం దాదాపు అంతా కోసేసింది. చాపల జోలికి పోలేదు. వీడియో పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లకు దిగింది.

సాయంత్రం సియెనీ వచ్చి చూసుకుని లబోదిబోమంది.

"అత్తా, నేను కనపడేది యాభై సెకన్లేనా? పెళ్లి నాదా, చాపలదా?"

"పెళ్లి నీదేనమ్మా," అంది వదిన తాపీగా. "కానీ అలిగితే నువ్వొక్కదానివే అలుగుతావు."