పసుపు రాతి పెదవులు

మా మనవరాలు విరుదునగర్‌లో కాలేజీకి పోతుంది. ఒక రోజు సెల్లు నా ముందుకు తెచ్చి, "అవ్వా, ఈ రాయి చూడు. ఈజిప్టు రాణిదంట. చేసి మూడువేల ఏండ్లకు పైనే అయిందంట" అంది.

చూశాను. పసుపు కొమ్ము రంగు రాయి. రెండు పెదవులు, కాస్త గడ్డం, అంతే. పైన ముక్కూ లేదు, కండ్లూ లేవు. విరిగిపోయాయి.

"ఈమె పేరేమే?"

"ఎవరికీ తెలీదంట. మొగం యాడుండాది, పేరు తెలిసేకి?"

సెల్లు తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. ఆ పెదవులు మా అమ్మవి.

ఎవరి పెళ్లికి ఎవరు ఏ చీర కట్టారో, ఏ యేడు పత్తికి పురుగు పట్టిందో, ఇంట్లో అందరూ నన్నే అడుగుతారు. అమ్మ కండ్లు ఎట్లుండేవో మాత్రం అడగకూడదు. ఆమె పోయేనాటికి నాకు ఆరేండ్లు. ఫోటో లేదు. ఆమె పత్తి ఒలుస్తూ కథ చెబుతుంటే, తొడ మీద తల పెట్టి కింద నుంచి చూసేదాన్ని. ఆ పెదవులూ గడ్డమూ, అంతే నాకు మిగిలింది.

మా వాళ్లలో ముత్తయిదువగా పోయినామెకు ఏటా కొత్త చీర పెడతాం. ఇత్తడి చెంబు మీద పసుపు ముద్దతో ముఖం దిద్ది, చీర చుట్టి మొక్కుతాం. తర్వాత ఆ పసుపు నీళ్లలో కలిపి ఇంటి ఆడబిడ్డలం ముఖానికి పూసుకుంటాం. అమ్మకు చేసేది కోవిల్‌పట్టిలో, మా అక్క ఇంట్లో. ముఖం దిద్దడం నా పని. ఏవో కండ్లు పెట్టి "ఇట్లేనా అక్కా?" అంటాను. నాకంటే నాలుగేండ్లు పెద్దదైన అక్క "అమ్మ మాదిరే ఉండాది" అంటుంది.

ఈ యేడు పెదవులు ముందు దిద్దాను. రాణిని చూసి వచ్చిన వేళ్లు కదా, ఒక్కసారికే కుదిరాయి. గడ్డమూ కుదిరింది. ఆ పైన చెయ్యి ఆడలేదు. ఏ కండ్లు పెట్టినా ఆ నోటికి ఒప్పవు.

అక్క పాయసం గరిటెతో వచ్చింది. "ఏమే, ఇంకా కండ్లు పెట్టలే? జనం వొచ్చి కూసున్నారు. ముహూర్తం నీకోసం ఆగుతాదా?"

"నువ్వు చెప్పక్కా. అమ్మ కండ్లు ఎట్టుండె? పెద్దవా, చిన్నవా? చెప్తే పెడతా."

అక్క చెంబు వైపే చూసింది. గరిటెలో పాయసం నేల మీద కారుతోంది.

"నాకూ గుర్తులేదే."

"మరి ఏటేటా అమ్మ మాదిరే అంటివే?"

"నువ్వు అంత ఆశగా అడిగితే ఇంకేమనేది?" చెంబు మీదికి వంగి చూసి, "నోరు మాత్రం అమ్మదే" అంది. ఈసారి నేను అడగలేదు.

అక్కే చీర చుట్టింది. చేలో ఎండకు ముసుగేసుకున్నట్టు కొంగును పెదవుల దాకా దించింది. వచ్చినవాళ్లు మొక్కారు. "ఈ యేడు తల్లి సిగ్గుపడతా ఉండాది" అని మా పిన్ని నవ్వింది.

అందరూ భోజనాలకు లేచారు. పసుపు కలపడానికి అక్క కోడలు నీళ్లు తెచ్చింది. ఏటా ఆ పని తొందరపెట్టేది అక్కే.

"ఆడ పెట్టి పో" అంది కోడలితో. "సాయంత్రం దాకా ఉండనీ."

ఇద్దరం చెంబు ముందే కూర్చున్నాం. పెదవుల అంచున పసుపు అప్పుడే ఎండుతోంది.