గోడకు పేర్చిన కొమ్మలు

కెనడాలో, న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలోని ఆ చిన్న రేవులో తన ఇంటంత వెచ్చని ఇల్లు లేదని లియాండర్ క్వింటన్ గొప్ప. చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చలికి కొయ్యబారిన మనిషికి ఆమాత్రం గొప్ప ఉండొచ్చు. ఏటా అక్టోబరులో, తండ్రి చేసినట్టే, ఈదురుగాలి దూరకుండా ఇంటి గోడల వెంట సూదుల్లాంటి ఆకులుండే ఫర్ చెట్టు కొమ్మలు పేర్చి తాడుతో కట్టేవాడు. కిందటి వేసవిలో గ్యాస్ ఫైర్‌ప్లేస్ బిగించిన మెకానిక్ బయటి గోడకున్న పొగగొట్టం మూతి చూపించి, దాని చుట్టుపక్కల ఏమీ ఉండకూడదన్నాడు. లియాండర్ బుద్ధిమంతుడిలా తలూపాడు. అక్టోబరు రాగానే దాన్నీ కప్పేశాడు. గోడకు చిల్లు పెట్టుకుని ఎవడైనా వదిలేస్తాడా అనుకున్నాడు.

కొమ్మల సందుల్లో గాలి ఆడినన్నాళ్లూ ఏమీ కాలేదు. ఫిబ్రవరిలో రెండు రోజులు మంచు తుఫాను కొట్టింది. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి గోడ. కరెంటు లేదు, ఫోను లేదు. తుంటి విరిగిన భార్య డల్సీ ఫైర్‌ప్లేస్ ముందు మంచం మీదుంది. ఆ మంటకు కరెంటు అక్కర్లేదు కాబట్టి లియాండర్ ధీమాగానే ఉన్నాడు.

ఇంతలో గోడమీది విషవాయువు అలారం గీపెట్టింది.

"బ్యాటరీ అయిపోయినట్టుంది," అంటూ ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

కాసేపటికి డల్సీ తాగిన టీ కక్కేసింది. "తల పగిలిపోతోంది. నువ్వేంటి, అలా తూలుతున్నావు?"

"ముసలాణ్ని, తూలనా?"

"వేషాలు చాలుగానీ మహానుభావా, ఆ బ్యాటరీ పెట్టు."

పెట్టాడు. మళ్లీ అదే గీ.

"మంట ఆర్పెయ్."

"ఆర్పితే చలికి బిగుసుకుపోతావే!"

"ఆర్పకపోతే?"

అతను మంట ఆర్పుతూ నాబ్ తిప్పేశాడు. కిటికీలు తీయబోతే వాటి బయటా మంచే. ఆమెను మెట్లెక్కించలేడు, తలుపులోంచి దాటించలేడు. అతనికి జీవితంలో మొదటిసారి తన ఇల్లంటే భయం వేసింది. దుప్పట్లన్నీ ఆమెకు కప్పి, పై అంతస్తు కిటికీ బార్లా తెరిచి, పారతో బయటకు పాకాడు.

గోడ వెంట రొప్పుతూ తవ్వాడు. పారకు మంచు కానిదేదో తగిలింది. గడ్డకట్టిన కొమ్మలు, తన తాడు, తను వేసిన ముడి. పళ్లతో కొరికి తెంపి, కొమ్మలు లాగేసి పొగగొట్టం మూతి తెరిచాడు.

తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"డల్సీ! డల్సీ!"

"అరవకు. తలనొప్పి." కళ్లు తెరిచింది. "గొట్టానికి మంచు పేరుకుపోయిందా?"

అవునంటే సరిపోయేది. "కాదు. కొమ్మలు. నేను పెట్టినవే," అన్నాడు.

అలారం ఆగింది. మెకానిక్ వచ్చి చూసేదాకా మళ్లీ వెలిగించేది లేదని, అతను ఆమె చల్లటి పాదాలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె అంది, "మెకానిక్ చెప్పినప్పుడు నేనూ విన్నాను. నువ్వు కప్పుతుంటే కిటికీలోంచి చూశాను కూడా. నీకు తెలుసులే అనుకున్నా."