పుట్టవ్వ మీద నా పరిశోధన

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని సంగతి లేదనుకునేదాన్ని. కర్నూలులో ఎం.ఫిల్.లో చేరి, తుంగభద్రలో చేపలు పట్టే కుటుంబాల చరిత్ర రాస్తానని ప్రకటించాను. మాది కిరాణా అంగడి పెట్టుకున్న శాకాహారుల ఇల్లు. "చేపల మీద చదువేందే? ఆ వాసనతో వస్తే వాకిట్లోనే నిలబెడతా" అంది అమ్మ. మా గైడు (వెనకాల మేం పెట్టుకున్న పేరు 'ఆధారాల సారు') ఇంకో అడుగు ముందుకేసి, "సీమలో తాగేదానికే నీళ్ళు లేవు, చేపల చరిత్ర యాడిదమ్మా? హాయిగా శాసనాల మీద రాసుకో" అన్నారు. వద్దన్నకొద్దీ నా మొండితనం పెరిగింది. రాస్తే ఏటివాళ్ళ మీదే రాస్తాను, లేకపోతే చదువే మానేస్తాను అన్నాను. (మానేసేంత ధైర్యం నాకు లేదని ఇద్దరూ కనిపెట్టకపోవడం నా అదృష్టం.)

ఏటి ఒడ్డు పేటలో అందరికంటే పెద్దామె పుట్టవ్వ. గంపలా గుండ్రంగా ఉండే పుట్టి పడవలోనే సగం జీవితం గడిపింది కాబట్టి ఆ పేరు. ఆమె కాపురానికి వచ్చిన ఊరు ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళలో మునిగిపోయింది. ఆ ఊరి కథ చెప్పమని ఫోన్లో రికార్డింగు నొక్కితే, "ఏటి కత ఒడ్డున కూచోని చెప్తే యాడొస్తాది? ఎక్కు పాపా" అంది. ఈత రాదని చెప్పడానికి రోషం అడ్డొచ్చి ఎక్కాను. పైగా తెడ్డు నేనే వేస్తానన్నాను. పుట్టి ముందుకు కదలకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. "నీళ్ళను కొట్టాకు, నీ తట్టుకు లాక్కో" అని అవ్వ చెబుతూనే ఉంది. "నాకు తెలుసులే అవ్వా" అంటూ నేను తిరుగుతూనే ఉన్నాను. చివరికి నా ముఖం రంగు చూసి ఆమే తెడ్డు లాక్కుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఆమె పుట్టిలోనే కూర్చుని, ఏ మడుగులో ఎవరింటివాళ్ళు ఏ రోజు వల వేసేవాళ్ళో, నీళ్ళ కింద ఎవరి ఇల్లు ఎక్కడుందో అన్నీ రాసుకున్నాను.

ఆ మునిగిన ఊరి మీద ఒక అధ్యాయం రాసి, ఆధారాల పట్టికలో మొట్టమొదట పుట్టవ్వ పేరు పెట్టాను. సారు ఎర్రసిరాతో కొట్టేశారు. "మనిషి చెప్పింది ఆధారం కాదు. వీళ్ళు ఆ ఊళ్ళో ఉన్నట్టు ఒక్క కాయితం చూపించు, లేకుంటే ఆ అధ్యాయం తీసెయ్" అన్నారు. మునిగిన ఊరి రికార్డులన్నీ వెతికాను. భూములున్నవాళ్ళ పేర్లే ఉన్నాయి. ఏటికి పట్టా ఎవరిస్తారు? అధ్యాయం తీసేస్తే ఆ మనుషులు రెండోసారి మునిగినట్టేనని నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశారు. మూడోసారి అవ్వనే వెంటబెట్టుకుని వెళ్ళి సారు గదిలో నిలబెట్టాను. "ఇదిగోండి సార్ నా ఆధారం. కొట్టేయండి చూద్దాం" అన్నాను.

సారు ఇబ్బందిగా కదిలి, "మీరు ఆడున్నట్టు కాయితమేమన్నా ఉండాదా అమ్మా?" అని అడిగారు.

"మా వలకు మూడు వేళ్ళు దూరేంత కన్ను పెడతాం నాయనా, సన్న చేపలు జారిపోయి బతుకుతాయని" అంది అవ్వ. "మీ కాయితం కన్ను ఇంకా శానా పెద్దది. మేమంతా జారిపోయినాం. అట్లని లేకుండా పోతిమా?"

నేను గెలిచిన ముఖంతో నిలబడ్డాను. సారు కలం తీసి, పట్టిక ముందుకు లాక్కుని, "నీ అసలు పేరేందమ్మా? ఇంటిపేరుతో చెప్పు, సరిగ్గా రాస్తా" అన్నారు.

ఆమె చెప్పింది. చాలా చక్కని పేరు. ఆరు నెలలు ఆమె పుట్టిలో కూర్చుని, ఆమె కోసం లోకంతో పోట్లాడిన నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఆ అధ్యాయం జోలికొస్తే ఎవరితోనైనా ఇప్పటికీ పోట్లాడతాను. కానీ ఆ గదిలో ఛాతీ విరుచుకుని నిలబడ్డ పిల్ల ముఖం ఒక్కసారిగా ఎలా వాడిపోయిందో తలచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. మెట్లు దిగుతూ, "నీ పేరు ఎప్పుడూ అడగనేలేదు కదవ్వా" అన్నాను.

"శానా అడిగినావులే పాపా" అంది అవ్వ నా చెయ్యి పట్టుకుని దిగుతూ, "అదొక్కటే మర్సిపోయినావు."