గీత దగ్గర కర్ర పెట్టినవాడు

మా వీధిలో కలరా ఉండల వాసన వస్తే గురువులు బావ వస్తున్నాడని అర్థం. ఎవరో సన్మానంలో కప్పిన శాలువాని పెట్టెలోంచి తీసి, ఒడిశా సముద్రపు ఒడ్డున ఉన్న మా చమఖండి ఉక్కపోతలో కూడా భుజాన వేసుకుని, అడగకపోయినా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. రాష్ట్రం జట్టులో హాకీ ఫార్వర్డుగా ఆడి, ఆ ఆటమీదే రైల్వేలో ఉద్యోగం సంపాదించి రిటైరైన మనిషి. మా మేనత్త కొడుకు. ఊరంతా ఆయన్ని చూసి మురుస్తుంది. నేను మురవను.

మా చిన్నప్పుడు వానలు వెనకబట్టి సముద్రం నెమ్మదించాక, నీరు లాగిన వేళ ఒడ్డు గచ్చులా గట్టిపడేది. దానిమీదే మా ఆట. సరుగుడు మొదట్లో వంకర తిరిగిన వేళ్లను నరికి, చివికిపోకుండా పడవలకు పూసే సొరనూనె రుద్ది, కర్రలు చేసుకునేవాళ్లం. వలకు కట్టే బెండుకు పాత తాడు చుడితే బంతి. పక్కనే ఎండేసిన నెత్తళ్ల చేపల కంపు, వాటి మీద కాకులు, కాకుల్ని తోలే ముసలమ్మల తిట్లు. గంగమ్మ పండగనాడు బూరెలు తిన్న చేతులతోనే కర్ర పట్టేవాళ్లం, అది జారిపోయేది. ఆడపిల్లనని నన్ను గోలు దగ్గర నిలబెట్టేవారు. అక్కడ నిలబడి చూస్తే ఎవడు పరిగెడుతున్నాడో, ఎవడు నిలబడ్డాడో బాగా తెలుస్తుంది. మా అన్న ఎర్రయ్య ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తేవాడు. గురువులు బావ మాత్రం వల ఒడ్డుకొచ్చే చోట కొంగ కాసినట్టు, అవతలి గోలు ముందు చెమట పట్టకుండా నిలబడేవాడు. ఒక్కరోజూ వెనక్కి వచ్చి బంతి తీసిన పాపాన పోలేదు.

ఒక సంవత్సరం బరంపురం నుంచి ఒక హాకీ మాస్టారు వచ్చాడు. పురుషోత్తంపూర్ పిల్లలతో మావాళ్లని ఆడించి, బాగా ఆడిన ఒక్కణ్ని హాస్టల్‌కి తీసుకెళ్తానన్నాడు. తిండి, చదువు, అసలైన హాకీ కర్ర. మా ఇంట్లో ఆ వారమంతా అదే మాట. వెళ్లేది అన్నే అని అమ్మ, నాన్న, నేను, ఆఖరికి గురువులు బావ తల్లి కూడా అనుకున్నాం.

మాస్టారి ముందు ఆడపిల్ల ఆడితే బాగుండదని ఆ రోజు నన్ను పక్కకు తోశారు. అదీ మర్చిపోలేదు. వెళ్లి అవతలి గోలు వెనక నిలబడ్డాను. అందుకే కళ్లారా చూశాను. అన్న బంతిని అంతదూరం నుంచి తెచ్చి, అడ్డొచ్చినవాళ్లందర్నీ దాటించి, గోల్లోకి కొట్టేశాడు. అది గీత దాటబోతుంటే బావ కర్ర చాచి తాకించాడు.

ఆట అయ్యాక గోలు ఎవరు కొట్టారని మాస్టారు ఒడియాలో అడిగాడు. మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో పాలుంటుంది. ముందు నుంచి లాగినవాడు ఆఖర్న వచ్చినవాణ్ని పొమ్మనడు, ఇంత నేను లాగానని చెప్పుకోడు. ఆ పద్ధతిలో పెరిగిన మా అన్న, "అందరం కొట్టినాం సార్" అన్నాడు.

గురువులు బావ కర్ర పైకెత్తి, "నానే సార్" అన్నాడు.

మాస్టారు ఆయన్నే తీసుకెళ్లాడు. నేను ఏడుస్తుంటే అమ్మ, "పోన్లేవే, ఆడూ మనోడే గదేటి" అంది. అన్న మర్నాడు నాన్నతో పడవెక్కాడు. బావ కటకంలో, కలకత్తాలో గోల్స్ కొట్టాడని కబుర్లు వచ్చేవి. ఎవరు తెచ్చిపెడితే కొట్టాడో ఎవరూ చెప్పేవారు కాదు. అన్న దగ్గర ఈ మాటెత్తితే, "నాకు గురుతులేదే, ఒగ్గీ" అని తోసేసేవాడు.

మొన్న బావ వచ్చి మా మనవలకి తన గొప్పలు చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అన్న గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, నిన్ను హాస్టల్‌కి అంపిన గోలు నువ్వే కొట్టినావా?" అని అడిగేశాను.

"ఏ గోలే మరదలా? సానా కొట్టినాను. ఏటని గురుతుంటాది?"

నటన కాదు. నిజంగానే మర్చిపోయాడు. మా అన్న బతుకంతా మింగిన గోలు ఆయన లెక్కలోనే లేదు.

అన్న తలెత్తకుండా చెప్పడం మొదలెట్టాడు. "పోలయ్య తెప్ప కాడ బంతి నాకు సిక్కింది. ఎర్ర సొక్కా పిల్లోణ్ని ఎడం పక్క నించి దాటించినాను. ఇసక తడిగుంది, బంతి నెమ్మదిగా ఎల్లింది. గీత కాడ నువ్వు కర్ర పెట్టినావు. పెట్టకపోయినా బంతి ఎల్లును."

గురువులు బావ మనవల వైపు చూసి, భుజం మీది శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మేం ఆడిన ఒడ్డుని సముద్రం కోసేసింది. అక్కడిప్పుడు నల్ల రాళ్ల గుట్టలున్నాయి. పెద్దవల లాగేవాళ్లూ లేరు, వేళ్లు నరుక్కోవడానికి ఆ సరుగుడు తోటా లేదు. ఆ గోలు పడిన చోటు ఇదీ అని చూపిద్దామన్నా నీళ్లే. దాన్ని గుర్తుపెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.