చిర్ర తగిలిన కన్నుతో చిత్రకోట దాకా

చిర్రగోనె, అదే గిల్లీదండా, ఆటే మమ్మల్ని జగదల్‌పూర్ బస్సెక్కించింది. నెల కిందట కొంటాలో మా వీధిలో ఆడుతుంటే, చిర్ర, ఆ చిన్న పుల్ల, ఎగిరొచ్చి మా చెల్లెలి కూతురు శ్రావ్య ఎడమ కంటికి తగిలింది. తొమ్మిదేళ్ల పిల్ల. కన్ను పైకి బాగానే ఉంది కానీ చూపు మసకబారింది. మర్నాడే జగదల్‌పూర్ తీసుకెళ్తే, కంటి వెనక పొర వాచిందనీ, చిరగలేదనీ, ఆటలు మాన్పించి నెలకి మళ్లీ తీసుకురమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. చూపు పూర్తిగా వస్తుందో లేదో అప్పుడే తేలుతుందంది.

ఈ నెలంతా మా కిరాణా కొట్లో రోజూ కంటి పరీక్షే. మా అమ్మ దాన్ని గల్లా దగ్గర కూర్చోబెట్టి, కుడి కన్ను మూసి, "పై అరల ఏమున్నయే?" అని అడిగేది. "సబ్బులు, పక్కన పసుపు" అని అది ఠక్కున చెప్పేది. నయమైపోయిందని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. పొద్దున ఆరింటి బస్సు సుక్మా దాటాక గానీ నా బుర్ర వెలగలేదు. ఆ కొట్లో పాకుతూ పెరిగిన పిల్ల రెండు కళ్లూ మూసుకున్నా అరలన్నీ అప్పజెబుతుంది. అంటే చూపు వచ్చిందో లేదో మాకింకా తెలియదన్నమాట.

తోంగ్‌పాల్ దగ్గర టీకి ఆపారు. "ఏంది మేడం, చాయ్ చల్లారుతాంది, పరేషాన్ల ఉన్నరు?" అన్నాడు కొంటా వాడైన డ్రైవరు. పిల్ల కంటి సంగతి చెప్పాను. "దానికేం ఫికర్ లేదు. నా ప్లేట్ల వడ మాయం చేసింది చూడున్రి" అని నవ్వాడు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో, ఎడమ కన్నుతో శ్రావ్య గోడమీది అక్షరాలు ఒక్కో వరుసే చదువుతుంటే నేను వేళ్లమీద లెక్కపెట్టాను. ఆఖరి వరుసలో కాస్త తడబడి, అదీ చదివేసింది. తర్వాత కంట్లో మందు చుక్కలు వేసి లోపల చూసి, వాపు పూర్తిగా తగ్గిందంది డాక్టరమ్మ. ఏటా చూపించమనీ, కళ్లముందు మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తే వెంటనే రమ్మనీ చెప్పింది. నాకు ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

పిల్లల కంటికి దెబ్బ తగిలితే ఎర్రబడలేదని ఊరుకోకండి, లోపలి పొర డాక్టరే చూడాలి. ఇంకో మాట: ఆ మందు చుక్కలు వేశాక సాయంత్రం దాకా వెలుతురు కళ్లలో పొడుస్తుంది, అంతా అలుక్కుపోతుంది. అందుకే చిత్రకోట జలపాతం మర్నాటికి పెట్టుకోండి.

మేమూ అదే చేశాం. జీపులో గంటకు పైగా ప్రయాణం. చిత్రకోట హోరు ముందు నిలబడి, శ్రావ్య తనంతట తనే కుడి కన్ను మూసుకుంది.

"ఏం కనబడ్తందే?"

"నీళ్లు. అవతల ఒడ్డున ఒకాయన ఎర్ర గొడుగు పట్టుకున్నడు." నావైపు తిరిగి, అదే కన్నుతో చూసింది. "పెద్దమ్మా, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"