దశరథ్ జేబులో చెయ్యి

మా ఎదురు బిల్డింగులో మూడో అంతస్తు దశరథ్‌ది. సొంతూరు జనగామ పక్కన. మనిషి ద్వారబంధమంత ఎత్తు, గొంతు మాత్రం పిల్లికూనది. ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపూ కుంకుమా పడందే వాడడు. జర్మనీలో ఈ హానోవర్‌కి వచ్చిన ఏడేళ్ళలో లాప్‌టాప్‌కి పూజ చేశాడు, సైకిలుకి చేశాడు, బట్టలుతికే మిషనుకి బొట్టు పెట్టి మెట్ల మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ చప్పుడికి కింద అంతస్తు హైనెకే గారు "పైన ఏం కూలింది?" అంటూ పరుగెత్తుకొచ్చింది. దశరథ్ పెళ్ళాం సంయుక్త ఆవిడ చేతిలో కొబ్బరిముక్కా బెల్లమూ పెట్టి పంపింది. అప్పట్నించి పైన ఏది టప్పుమన్నా ఆవిడ గిన్నె పట్టుకుని వస్తుంది.

అలాంటి మనిషి పిస్తోలు కొన్నాడు. ఎందుకు కొన్నాడో, ఎలా కొన్నాడో నాకు మొత్తం తెలుసు. ఐదో తరగతితో నా చదువు ఆగింది గానీ అడగడం ఆగలేదు. అదీగాక కొన్న రోజున నేను పక్కనే ఉన్నాను.

ట్రామ్ దిగి మా ఇళ్ళకు రావాలంటే తోటల మధ్య నుంచి ఒక దారి ఉంది. జర్మన్లు ఆదివారాలు వచ్చి టమాటాలు, బీన్సు పెంచుకునే చిన్న చిన్న తోటలు. వేసవిలో ఎంత కళగా ఉంటుందో శీతాకాలం అంత దిగులుగా ఉంటుంది. అక్టోబరు చివర్లో ఇక్కడందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పాక కొన్నాళ్ళకే నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. దీపస్తంభాలు ఉన్నాయి, కానీ ఒకదానికొకటి చుట్టరికం లేనట్టు దూరదూరంగా. ఆ దారిలోనే నవంబరులో ఒక సాయంత్రం ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఎవడో వెనకనుంచి వచ్చి దశరథ్ సంచీ లాక్కుపోయాడు. లాగిన ఊపుకి ఇతను బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.

సంచీలో ఉన్నదల్లా సగం తిన్న టిఫిన్ డబ్బా. మర్నాడు పొద్దున నేను వెతుక్కుంటూ వెళితే కంచె పక్కనే దొరికింది. దొంగ మూత తీసి, గోంగూర వాసన చూసి, మళ్ళీ మూత గట్టిగా బిగించి మరీ పెట్టి పోయాడు.

"చూశావా, ఎంత మర్యాదస్తుడో," అన్నాను డబ్బా ఇస్తూ. సంయుక్త నవ్వింది. దశరథ్ నవ్వలేదు.

"నవ్వకు పెద్దమ్మా. చీకటైతే నాకు కాళ్ళు ఆడుతలేవు."

నిజంగానే ఆడలేదు. మధ్యాహ్నం రెండింటికే ఆఫీసు నుంచి వచ్చేసి, మిగతా పని ఇంట్లో కూర్చుని చేసేవాడు. అసలే కొత్త ఉద్యోగం. ఇంకా ప్రొబేసైట్ అయిపోలేదు, అంటే నచ్చకపోతే కారణం చెప్పకుండా పొమ్మనే కాలం. ఆఫీసులో పెద్దావిడ పిలిచి, డిసెంబరు నుంచి అందరూ ఐదు దాకా ఉండాల్సిందేనని చెప్పిందట. చీకట్లో ఆ దారి నడవాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. ఉద్యోగం పోతే వీసా గొడవ, ఇంటి అద్దె, పిల్ల బడి, అన్నీ ఒకదాని వెనక ఒకటి కదులుతాయి.

"నేను స్టాపు కాడికి ఎదురొస్త," అంది సంయుక్త.

"నువ్వొచ్చి నన్ను చెయ్యి వట్టి తోల్కపోతె మంది ఏమంటరు? వద్దు. జేబుల ఒక పిస్తోలుంటె చాలు. ధైర్యముంటది."

వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్ల రుచిత హోంవర్కులోంచి తల ఎత్తకుండానే, "పాపా, దస్ ఇస్ట్ ఫెర్బోటెన్," అంది. కూడదు నాన్నా, నిషిద్ధం అని. ఇక్కడి మన పిల్లలకు అమ్మ అనే మాట తర్వాత వచ్చే మాట అదే.

షాపుకు నేనూ వస్తానన్నాను.

"నీకెందుకు పెద్దమ్మా?"

"పిస్తోళ్ళ కొట్టు నేనెప్పుడూ చూడలేదు."

కొట్టు చూస్తే పిస్తోళ్ళ కొట్టులా లేదు. సగం చేపల గాలాలు, సగం దళసరి కోట్లు. గోడ మీద కొమ్ముల దుప్పి తల ఒకటి మమ్మల్నే చూస్తోంది. యజమాని బ్రూన్స్ గారు, తెల్లమీసాల ముసలాయన. ఆయన జర్మన్లో చెప్పడం, దశరథ్ తెలుగులో చెప్పడం, మధ్యలో నా ప్రశ్నలు.

"నిజం పిస్తోలు కావాల్నంటె వేటగాళ్ళ పరీక్ష పాస్ కావాలంట. లేకుంటె షూటింగ్ క్లబ్బుల చేరి యేడాది ఆడాలంట. అయినా జేబుల వెట్టుకొని తిరగనియ్యరంట."

"మరెందుకు కొనడం?"

"ఇంట్ల ఇనుప బీరువాల వెట్టి తాళం ఎయ్యనీకె."

"బీరువాకి ధైర్యం వస్తుందన్నమాట," అన్నాను.

అప్పుడాయన అద్దాల బల్ల కిందనుంచి ఇంకో రకం తీశాడు. చూడ్డానికి అచ్చం పిస్తోలే, కానీ గుండు రాదు. ధన్‌మని చప్పుడు, దాంతోపాటు మిరియాల పొగ. దొంగ కళ్ళు మండి చతికిలబడాలి. పిస్తోలు ఒంటి మీద సర్కారువారి గుండ్రటి ముద్ర ఒకటి ఉంటుంది, అది ఉన్నదే కొనాలి. కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవచ్చు గానీ, జేబులో పెట్టుకుని బయటికి రావాలంటే చిన్న వాఫెన్‌షైన్ అనే అనుమతి కాగితం రావాలి. దానికి మనిషి మంచివాడా కాదా అని వాకబు చేస్తారట.

"నన్ను అడగమను, ఇప్పుడే చెబుతాను," అన్నాను. "సరే గానీ, ఆ పొగ వదిలినప్పుడు గాలి మనవైపు వీస్తే?"

దశరథ్ ఇబ్బందిగా అడిగాడు. బ్రూన్స్ గారి మీసాలు మొదటిసారి కదిలాయి.

"మన కండ్లే మండుతయంట. ఇన్నేండ్లల్ల కొనేటోళ్ళు ఎవ్వరూ ఇది అడగలేదంట. నిన్ను కొట్ల పనికి వెట్టుకుంట అంటుండు."

ఇక ఎంచుకోవడం. పెద్దదాన్ని జేబులో వేస్తే కోటు ఒక పక్కకు ఒరిగి, దశరథ్ గుదిబండ కట్టిన దూడలా అయ్యాడు. గుండ్రటి పొట్ట ఉన్నదొకటి సినిమాలోలా ఉందని ముచ్చటపడ్డాడు, కానీ చలి గ్లవ్సు వేసుకుంటే వేలు ట్రిగ్గర్ దగ్గరి కంతలో దూరలేదు. చివరికి చెక్కపిడి ఉన్న చిన్నది ఒకటి నచ్చింది.

"లక్షణంగ ఉన్నది పెద్దమ్మా."

"పెళ్ళికూతురా, లక్షణం చూడ్డానికి? జేబులో పెట్టుకో. నేను దొంగని. వస్తున్నా."

నేను వెళ్ళి అతని సంచీ పట్టుకున్నాను. దశరథ్ గ్లవ్సు తీశాడు. కోటు జిప్పు లాగాడు. జిప్పులో మఫ్లర్ ఇరుక్కుంది. మఫ్లర్ పీక్కునేసరికి నేను సంచీతో దుప్పి తల కింద ఉన్న కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాను. ఈ లెక్కన అసలు దొంగ అయితే బ్రెమెన్ ఊరు చేరి కాఫీ కూడా తాగేవాడు.

బ్రూన్స్ గారు మెల్లిగా ఒక టార్చి, పిన్ను లాగితే కేకపెట్టే చిన్న అలారం బల్ల మీద పెట్టాడు. ఇవి తీసుకో, చేతిలోనే ఉంటాయి, వీటికి ఏ కాగితమూ అక్కర్లేదు అని సలహా.

"నాకు పిస్తోలే కావాలె," అన్నాడు దశరథ్. చెయ్యి పాత దెబ్బ తగిలిన మోకాలి మీదికి పోయింది. నాకు అప్పుడు నవ్వు రాలేదు. చెక్కపిడి పిస్తోలే కొనుక్కుని వచ్చాం.

శనివారం పూజ. దాచిపెట్టుకుని తిరగాల్సిన ఆయుధం కదా, ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను విజయలక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. విజయలక్ష్మి మా వీధి చివర ఇంట్లో ఉంటుంది, గుంటూరావిడ. ఆవిడ చలపతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చలపతి హైదరాబాదు కుర్రాడు, పెళ్ళికాలేదు, తోచదు. అతను వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. శనివారం పదింటికల్లా ఇల్లు నిండిపోయింది. సంయుక్త పులిహోర రెండోసారి కలిపింది.

పీట మీద తమలపాకు, ఆకు మీద పిస్తోలు, దాని కింద కారు చక్రానికి పెట్టినట్టు నిమ్మకాయ. దశరథ్ తలస్నానం చేసి, పంచె కట్టి, పిడికి గంధం పూశాడు. గుండ్రటి ముద్ర మీద సరిగ్గా కుంకుమబొట్టు పెట్టాడు. తర్వాత పసుపు ముద్ద వేలికి తీసుకుని గొట్టం లోపలికి కూడా దట్టంగా పూశాడు.

"లోపలెందుకన్నా?" అన్నాడు చలపతి.

"పని చేసేది లోపలే కద తమ్మీ."

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. కర్పూరం వెలిగించగానే పైకప్పుకున్న పొగ అలారం కీచుమని అరిచింది. హైనెకే గారు గిన్నెతో వచ్చింది. పూలలో పడుకున్న పిస్తోలును చూసి కళ్ళద్దాలు పెట్టుకుంది. రుచిత ఆవిడకు జర్మన్లో ఏదో చాలాసేపు వివరించింది. ఆవిడ పులిహోర పెట్టించుకుని వెళ్ళిపోయింది.

పూజ అయింది గానీ అనుమతి కాగితం రాలేదు. అది వచ్చేదాకా జేబులో పెట్టుకుని గడప దాటితే నేరం. సంయుక్త పిస్తోలును పూలతో సహా సూట్‌కేసులో పెట్టి నంబర్ల తాళం వేసింది. డిసెంబరు మాత్రం ఎవరి కాగితం కోసమూ ఆగలేదు.

మొదటి రోజు ఐదింటికి ఆఫీసు వదిలి ట్రామ్ ఎక్కాడు, దిగాడు, స్టాపులో బెంచీ మీద కూర్చుండిపోయాడు. నాకు ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, లేస్త అనుకుంటున్న. లేస్తలేను."

నేను చెప్పులేసుకుని బయల్దేరాను. నేను చేరేలోపు తర్వాతి ట్రామ్‌లోంచి విజయలక్ష్మి దిగింది, ఆవిడ వెనక చలపతి, యూనివర్సిటీలో చదివే ఉదయశ్రీ.

"అమ్మయ్య, నువ్వున్నావా దశరథూ!" అంది విజయలక్ష్మి. "నీ సంచీ లాగినప్పట్నించి నాకూ ఈ దారంటే హడలే. పిస్తోలున్న మనిషివి, ముందు నడువు. నీ వెనకాల మేమొస్తాం."

దశరథ్ అప్పుడే చేరిన నావైపు చూశాడు. లేదంటే పరువు పోతుంది, ఉందంటే అబద్ధం. లేచి, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని నడక మొదలుపెట్టాడు. జేబులో ఉన్నది ఇంటి తాళంచెవి. కంచె వెనక ఏదో కదిలితే అతను ఆగాడు, అతనితోపాటు మేమందరమూ ఆగాం. కుందేలు ఒకటి తాపీగా దారి దాటి వెళ్ళింది.

మర్నాడు స్టాపులో ఇంకో ఇద్దరు చేరారు. వారం తిరిగేసరికి అది ఐదుంపావు ట్రామ్ బ్యాచ్ అయింది. దశరథ్ రాకపోతే ఎవరూ కదలరు. వీళ్ళు ఎదురుచూస్తుంటారని అతను ఆఫీసులో ఐదు కొట్టేదాకా లేవడు. పెద్దావిడకు ఈ సంగతులేవీ తెలియవు కాబట్టి పనిమీద శ్రద్ధ పెరిగిందనుకుంది. నడుస్తూనే వీసా ఆఫీసు ఎవరికి టెర్మిన్ అనే తారీఖు ఇచ్చింది, ఎవరి పిల్లకు కీటా అనే బాలవాడిలో సీటొచ్చింది, ఏ కొట్లో కరివేపాకు వచ్చింది, అన్నీ అయిపోయేవి. దశరథ్ ముందు నడిచేవాడు. చెయ్యి మాత్రం జేబులోంచి తీసేవాడు కాదు. ఉదయశ్రీ జామకాయ ఇస్తే ఎడమచేత్తో తిన్నాడు.

ఫిబ్రవరి మధ్యలో అనుమతి కాగితం వచ్చింది. ఆ వారమే ప్రొబేసైట్ కూడా గట్టెక్కింది. ఆ శుక్రవారం సెలవు పెట్టి, పిస్తోలును తాళమేసిన పెట్టెలో బ్రూన్స్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు, ఎలా నింపాలో ఒకసారి చూపించుకోవడానికి. నేను లేకుండా ఎలా వెళతాడు?

బ్రూన్స్ గారు గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. చిటికెనవేలు పెట్టి గీకాడు. లోపల ఏదో రాయిలా గట్టిపడింది. వాసన చూశాడు.

"ఇదేమిటి?"

"కుర్కుమా," అన్నాడు దశరథ్. పసుపు.

బ్రూన్స్ గారు వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పింది దశరథ్ నాకు తెలుగులో చెప్పలేదు గానీ, ఆయన పిస్తోలును రెండు చేతులతో దూరంగా పెట్టిన తీరులోనే అర్థమైంది. పేలిస్తే పొగ బయటికి పోయే దారి లేదు, వెనక్కే తన్నేది. వేరేది చూపించమంటావా అని బల్ల కింద చెయ్యి పెట్టాడు.

దశరథ్ గోడ గడియారం వంక చూశాడు. నాలుగున్నర దాటింది.

"ఇప్పుడొద్దని చెప్పు పెద్దమ్మా," అన్నాడు కంగారుగా, జర్మన్ వచ్చింది తనకేనని మరిచిపోయి. "బ్యాచ్ వస్తది. ట్రామ్ తప్పిపోతది."

పిస్తోలు అక్కడే వదిలేశాడు. పోతూ పోతూ టార్చి ఒకటి కొన్నాడు.

మేం స్టాపులో దిగేసరికి అందరూ ఉన్నారు. చీకటి పూర్తిగా పడలేదు, తోటల మీద ఆకాశం ఇంకా కాస్త ఎర్రగా ఉంది. దశరథ్ వాళ్ళ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలె. నా తాన పిస్తోలు లేదు. ఇన్ని దినాలు కూడ లేకుండె. సూట్‌కేసుల ఉండె. నా జేబుల ఉన్నది తాళంచెయ్యి."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. చలపతి ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

"తెలుసులేవయ్యా," అంది విజయలక్ష్మి. "మీ రుచిత పూజైన వారమే మన పిల్లల తెలుగు క్లాసులో అందరికీ చెప్పింది. నంబరు కూడా చెప్పింది సూట్‌కేసుది. మార్చుకోండి."

"మరి... దినాం నా కోసం ఎందుకు ఆగిండ్రు?"

"నువ్వు బెంచీ మీద అలా కూర్చుని ఉంటే వదిలేసి పోతామా? మాకు మాత్రం భయం లేదా ఏంటి?"

దశరథ్ నావైపు తిరిగాడు. "పెద్దమ్మా, నీకు తెలుసా, వీళ్ళకు తెలుసని?"

"నాకు తెలియనిది ఏముంటుంది?"

"మరి నాకు చెప్పలేదేందే!"

"ఎవరికీ చెప్పొద్దన్నావుగా."

అతను అలాగే నిలబడ్డాడు, చెయ్యి ఇంకా జేబులోనే. విజయలక్ష్మి ఊరుకునే మనిషి కాదు. ఇండియన్ షాపు నుంచి మోసుకొచ్చిన బియ్యం సంచీ అతని కాళ్ళ దగ్గర దబ్బున పెట్టింది.

"అయితే ఇంక ఆ చెయ్యి జేబులోంచి తీసి, ఇది పట్టుకో."