కమలమ్మగారు ఉన్న స్టేషన్

మొన్న పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట వెళ్తుంటే ఆటోలోకి గుప్పున మిరప ఘాటు కొట్టింది. మూతబడిన మా రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం నిండా ఎవరో మిరపకాయలు ఆరబోశారు. కళ్లు మండుతుంటే, అక్కడ స్టేషన్ మాస్టరుగా పనిచేసిన కమలమ్మగారు గుర్తొచ్చారు.

అప్పట్లో పొద్దున ఒక ప్యాసింజరు బండి జంక్షనుకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేది. పత్తి బస్తాలు, పెళ్లివారు, వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వచ్చేవారు, అందరికీ అదే దిక్కు. మా ఊళ్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లలం ఐదుగురం, కాలేజీకి వెళ్లిందీ ఆ బండిలోనే. ఆడమనిషి స్టేషన్ మాస్టరేంటని మొదట్లో జనం నవ్వుకున్నారట. ఒకరోజు సర్పంచిగారి బావమరిది కదులుతున్న బండి ఎక్కబోతే ఆవిడ రెక్క పట్టుకుని కిందకు లాగారు. "ఏదైనా అయితే మీ ఇంట్లోవాళ్లకి నేనేం చెప్పాలయ్యా?" అని అందరి ముందూ కేకలేశారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

తారురోడ్డు పడ్డాక జనం బస్సులకు మళ్లారు. ఖాళీగా తిరిగి తిరిగి చివరికి బండి రద్దయింది. మాకేమో బస్సెక్కాలంటే పత్తిచేల మధ్య చాలాదూరం నడవాలి. "చదివింది చాల్లే" అన్నారు నాన్న. మిగతా నాలుగిళ్లలోనూ అదే మాట. నేను రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అయినా ఆయన కరగలేదు.

బదిలీ అయి సామాను సర్దుకోవాల్సిన కమలమ్మగారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"పిల్లని మాన్పించారంట?"

"ఏం చేస్తామండీ, రైలే లేదు గదా," అన్నారు నాన్న.

"రైలు మేం ఆపాం. చదువు మీరు ఆపుతున్నారు. రెండూ ఒకటి కాదండీ."

తలుపు చాటు నుంచి అమ్మ అడిగింది, "రోజూ అంత దూరం ఎవరు తోడెళ్తారండీ?"

"నువ్వే వెళ్లమ్మా. ఐదుగురు తల్లులున్నారు, వంతులేసుకోండి. మొదటి వారం నేనొస్తా."

అన్నట్టే సెలవు పెట్టి వచ్చారు. గొడుగేసుకుని ముందు ఆవిడ, వెనక మేము. మరుసటి వారం నుంచి తల్లులు మొదలుపెట్టారు. ఒంటరిగా ఊరి పొలిమేర దాటి ఎరగని మా అమ్మ, పరీక్షలనాటికి బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఉద్యోగం వచ్చాక నేను స్వీట్లు పట్టుకుని విజయవాడలో ఆవిడ ఇంటికి వెళ్తే, కమలమ్మగారు ముందు అడిగింది నా గురించి కాదు. "మీ అమ్మ ఇప్పుడు ఎక్కడెక్కడికి వెళ్తోంది?" అన్నారు.

నేనిప్పుడు నందిగామలో లెక్చరర్‌ని. ఆడపిల్ల కాలేజీ మానేస్తే ఇంటికి వెళ్తాను. ఈమధ్య చందర్లపాడు దగ్గర ఒక తండ్రి, "దూరం మేడమ్, వద్దు" అన్నాడు. నేను వాదించలేదు. "వాళ్లమ్మని ఒకసారి పిలవండి," అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. చేతులు తుడుచుకుంటూ ఆమె బయటికొచ్చి, మొగుడి వైపు చూడకుండా, నా ఎదురుగా కూర్చుంది.